డబ్బు లెక్కలు కంటికి కనిపించే తీరు

తార్నాక వైపు ఏదైనా ఎత్తైన మేడ ఎక్కి ఈశాన్య దిక్కుగా చూచినచో, మౌలాలి గుట్ట ఇళ్ల వరుసల పైన బోర్లించిన మూకుడువలె కనిపిస్తుంది. ఆ గుట్ట మొదటికే పోయి, దర్గాకు ఎక్కే మెట్ల కింద నిలబడి తల ఎత్తినచో అదే గుట్ట మీద పడునేమో అన్నంత నిటారుగా ఉంటుంది. మౌలాలిలో కాపురముండి తార్నాక మీదుగా కళాశాలకు పోయి వచ్చే నాకు ఈ రెండు దృశ్యాలూ దినచర్యలోనివే. ఉదయానికీ సాయంత్రానికీ గుట్ట ఎత్తు మారదు. మారినది మనము నిలబడిన చోటు. అంకెలను పటముగా గీసినప్పుడు కూడా ఇదే జరుగుతుంది. అయితే చూచేవాడు ఎక్కడ నిలబడవలెనో అక్కడ నిర్ణయించేది గీసేవాడు.

ఈనాడు డబ్బు లెక్కలు చాలావరకు పటాల రూపంలోనే మన ముందుకు వస్తున్నవి. ప్రభుత్వ బడ్జెటు వెలువడిన మరునాడు పత్రికలలో రంగురంగుల చక్రాలు వస్తవి. పాఠశాలకు వచ్చిన నిధులు ఎట్లు ఖర్చయినవో తలిదండ్రుల సమావేశంలో ఉపాధ్యాయుడు తెర మీద చూపుతున్నాడు. విద్యార్థులు సెమినారులకు స్లైడులు తయారు చేస్తున్నారు. ఒకప్పుడు స్లైడు అనగా దీపపు పెట్టెలో దూర్చే గాజు పలక. దానిని తయారు చేయడానికి శ్రమ ఉండేది గనుక మనిషి రెండుసార్లు ఆలోచించేవాడు. నేడు అంకెలు ఇచ్చి మీట నొక్కితే కంప్యూటరే పటం గీసి ఇస్తుంది. స్కేలు ఎక్కడ మొదలు పెట్టవలెనో కూడా అదే నిర్ణయిస్తుంది. ఆ సౌకర్యం వలన నా చేతి మీదుగా జరిగిన ఒక పొరపాటును ముందుగా చెప్పెదను.

నేను ఎం.ఎస్‌సీ. చదువుతున్న కాలంలో ఒక వసతిగృహంలో ఉండేవాడిని. అక్కడ భోజనశాల ఖర్చును నెలాఖరున తినేవారందరూ సమానంగా పంచుకొనేవారు. లెక్కలు తెలిసినవాడినని నెలవారీ పద్దులను స్లైడుగా చూపే పని నాకు అప్పగించినారు. లెక్కకు వీలుగా అంకెలను గుండ్రం చేసి ఇక్కడ ఇస్తున్నాను. తలకు పడిన భోజన ఖర్చు జూలైలో 3,000 రూపాయలు, ఆగస్టులో 3,200, సెప్టెంబరులో 3,500. మూడు అంకెలను కంప్యూటరుకు ఇచ్చినాను. అది మూడు నిలువు కమ్మీలు గీసినది. నిలువు అక్షాన్ని సున్న దగ్గర గాక 2,900 దగ్గర మొదలు పెట్టినది. నేను ఆ సంగతి గమనించలేదు. గమనించినా అందులో తప్పేమున్నదని అనుకొని ఉండేవాడినేమో.

ఆ పటంలో జూలై కమ్మీ ఎత్తు 100 రూపాయలకు సమానం, సెప్టెంబరు కమ్మీ ఎత్తు 600 రూపాయలకు సమానం. అసలు పెరుగుదల ఆరింట ఒక వంతు మాత్రమే. తెర మీద అది ఆరు రెట్లుగా నిలబడినది. గదిలో కూర్చున్నవారిలో అక్షం పక్కనున్న చిన్న అంకెలను చదివినవాడు ఒక్కడూ లేడు. "మూడు నెలల్లో ఇంతా?" అని వెనుక నుండి ఎవరో అన్నారు. సరుకులు కొనేది వంట పెద్ద గనుక చూపులన్నీ ఆయన వైపు తిరిగినవి. "పద్దు పుస్తకం చూడండి బాబూ" అని మాత్రం ఆయన అన్నాడు. పద్దు పుస్తకం ఎవరూ తెరవలేదు. తెర మీద బొమ్మ ఉండగా పుస్తకం ఎందుకని అందరి భావం. ఆ నెల జీతం తీసుకొని ఆయన వెళ్లిపోయినాడు. ఖర్చు నిజంగా ఎందుకు పెరిగినదో నేను ఆ పుస్తకం తెరిచి చూచినది ఆ తరువాత వారం. ఆ సంగతికి చివర వస్తాను.

కమ్మీ చిత్రాన్ని చూచినప్పుడు మన కన్ను చేసే పని చాలా సులభమైనది. అది పొడవులను పోల్చుతుంది. ఒక కమ్మీ రెండవదానికి రెట్టింపు పొడవుంటే, ఆ వస్తువు కూడా రెట్టింపని మనస్సు నమ్ముతుంది. కమ్మీ సున్న నుండి మొదలైనప్పుడే ఈ నమ్మకం నిజమవుతుంది. అడుగు భాగం నరికినచో పొడవులకు, విలువలకు ఉన్న నిష్పత్తి చెడిపోతుంది. కనుక కమ్మీలను సున్న నుండి గీయవలెను. దీనికి మినహాయింపు నాకు తోచలేదు.

అయితే రేఖాపటానికి ఈ నియమం వర్తించదు. ఆసుపత్రిలో రోగి మంచం దగ్గర వేలాడే జ్వరపు పటాన్ని తలచుకొనండి. అది ఫారెన్‌హీటు 95 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. సున్న నుండి గీసినచో 98.6కు, 103కు మధ్య తేడా కంటికి ఆనదు, వైద్యునికి ఉపయోగపడదు. రేఖాపటంలో మనము చూచేది పొడవు కాదు, గీత ఎటు వాలినది, ఎంత వేగంగా వాలినది అన్నది. అయినను స్కేలు ఎక్కడ మొదలైనదో పెద్ద అక్షరాలతో రాసి ఉంచడం మంచిది.

మన రాష్ట్రపు లెక్క ఒకటి తీసుకొందాము. తెలంగాణ బడ్జెటు అంచనా 2024-25 సంవత్సరానికి 2,91,159 కోట్ల రూపాయలు. 2025-26కు 3,04,965 కోట్లు. పెరుగుదల నూటికి 4.74. దీనిని నల్లబల్ల మీద గీయడానికి 10,000 కోట్లకు ఒక సెంటీమీటరు చొప్పున స్కేలు పెట్టుకొంటే, మొదటి కమ్మీ 29.1 సెంటీమీటర్లు, రెండవది 30.5 సెంటీమీటర్లు వస్తుంది. తేడా సుమారు బొటనవ్రేలి గోరంత. ఉన్నది అంతే. అదే పటాన్ని 2,85,000 కోట్ల దగ్గర మొదలు పెట్టి గీయండి. మొదటి కమ్మీ 6,159కి, రెండవది 19,965కు నిలుస్తుంది. రెండవది మొదటిదానికి మూడు రెట్లకు పైగా కనిపిస్తుంది. ప్రభుత్వాన్ని మెచ్చుకొనేవాడికీ, దుబారా అని తిట్టేవాడికీ ఇదే పటం పనికి వస్తుంది!

ఇంకొక చిక్కు ఉన్నది. రాష్ట్రం ఏర్పడిన తరువాత మొదటి బడ్జెటు 2014 నవంబరులో ప్రవేశపెట్టినారు. మొత్తం 1,00,637 కోట్లు. దీనిని 2025-26 మొత్తం పక్కన పెట్టినచో బడ్జెటు మూడు రెట్లు పెరిగినదని తేలుతుంది. కాని మొదటిది పది నెలల బడ్జెటు. పన్నెండు నెలలకు లెక్కగట్టితే 1,20,764 కోట్లు అవుతుంది, అప్పుడు పెరుగుదల సుమారు రెండున్నర రెట్లు. ఈ నడుమ ధరలు కూడా పెరిగినవి గనుక రూపాయి కొనే శక్తి తగ్గినది; దానిని సవరించినచో పెరుగుదల ఇంకా తగ్గుతుంది. పైగా ఇవన్నీ అంచనాలు. బడ్జెటు పత్రాలలో అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు అని మూడు రకాల అంకెలు ఉంటవి. ఒక సంవత్సరపు వాస్తవాన్ని మరొక సంవత్సరపు అంచనా పక్కన ఒకే రంగు కమ్మీలుగా నిలబెట్టడం తరచుగా కనిపించే తప్పు. అంచనా కమ్మీకి గీతల నింపు, వాస్తవపు కమ్మీకి నిండు రంగు పెట్టినచో ఈ తికమక ఉండదు.

పాత లెక్కలు చూచేవారికి ప్రమాణాలతో మరి కొంత తంటా ఉన్నది. హైదరాబాదు సంస్థానానికి సొంత నాణెం ఉండేది. దానిని హాలీ సిక్కా, ఉస్మానియా సిక్కా అనేవారు. ఏడు హాలీ రూపాయలకు ఆరు బ్రిటిషు ఇండియా రూపాయలు మారకపు రేటు. ఉదాహరణకు ఒక పాఠశాలకు ఏటా 7,000 హాలీ రూపాయలు గ్రాంటు వచ్చేదనుకొనండి. నాణెం మారిన తరువాత అదే గ్రాంటు పద్దులో 6,000గా నమోదవుతుంది. ఇది గమనించకుండా రేఖాపటం గీసినవాడికి, ఏమీ జరగని చోట ఏడింట ఒక వంతు కోత కనిపిస్తుంది. సంవత్సరం కూడా ఫసలీ లెక్కలో ఉండేది. ఇక 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేవరకు అణాలు. పాత పుస్తకంలో 12-8 అని ఉన్నదానిని కంప్యూటరులో 12.8 అని కొట్టినచో పన్నెండు రూపాయల ఎనభై పైసలు అవుతుంది. అది నిజానికి పన్నెండున్నర.

ఇప్పటి ప్రమాణాల గొడవ ఇంకొక రకం. మనము లక్షలలో, కోట్లలో ఆలోచిస్తాము. కంప్యూటరు మిలియన్లలో రాస్తుంది. 3,04,965 కోట్లు అన్న అంకె తెర మీద 3,049,650 మిలియన్లుగా వచ్చినచో దానిని చదివి గ్రహించగల తెలుగువాడు అరుదు. 3.05 లక్షల కోట్లు అని రాసినచో తరగతి మొత్తం ఒకే చూపులో గ్రహిస్తుంది.

డబ్బు లెక్కలను పటాలుగా చూపే పద్ధతి మనము అనుకొనేటంత కొత్తది కాదు. స్కాట్లండు దేశస్థుడు విలియం ప్లేఫేర్ 1786లో ఇంగ్లండు వర్తకాన్ని గురించి నలభైకి పైగా పటాలతో ఒక పుస్తకం ప్రకటించినాడు. అంతకు ముందు అతడు ఆవిరియంత్రపు జేమ్స్ వాట్ దగ్గర నమూనాలు గీసే పనిలో ఉండేవాడు. కాలాన్ని అడ్డంగా, సొమ్మును నిలువుగా పెట్టి గీత గీయడం, కమ్మీలతో పోల్చడం ఆ పుస్తకంతోనే ప్రచారంలోకి వచ్చినవి. చక్రాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపడం కూడా అతడిదే. అది 1801 నాటి పుస్తకంలో వచ్చినది.

ప్లేఫేర్ గీసిన వాటిలో ఒక పటం మనకు సంబంధించినది. అది 1700 నుండి 1780 వరకు ఇంగ్లండుకూ తూర్పు ఇండియా దేశాలకూ నడిచిన వర్తకం. మచిలీపట్నం వంటి రేవుల నుండి కోరమాండలు తీరపు బట్టలు ఓడలకెక్కిన కాలమది. పటంలో రెండు గీతలు ఉన్నవి. ఒకటి అక్కడి నుండి ఇంగ్లండుకు వచ్చిన సరుకుల విలువ, రెండవది ఇంగ్లండు నుండి పోయిన సరుకుల విలువ. రెండింటి మధ్యనున్న ఎడమే వర్తకపు లోటు. రెండు గీతలూ కలిసి పైకి పోతూ ఉంటవి గనుక, వాటి మధ్య ఎడం కొంత ఒక తీరుగానే సాగినట్లు కంటికి తోస్తుంది.

ఆ పటాన్ని దాదాపు రెండు వందల సంవత్సరాల తరువాత విలియం క్లీవ్‌లండ్ అనే అమెరికా సంఖ్యాశాస్త్రజ్ఞుడు పరిశీలించినాడు. దిగుమతి నుండి ఎగుమతిని తీసివేసి, ఆ తేడాను విడిగా ఒక గీతగా గీసినాడు. 1760 దాటిన వెంటనే తేడా ఒక్కసారిగా పైకి లేచి మళ్లీ దిగడం ఆ కొత్త గీతలో స్పష్టంగా కనిపించినది. పాత పటంలోనూ అది ఉన్నది. కాని ఎవరి కంటికీ ఆనలేదు. దీనికి కారణం ఏమనగా, రెండు వంపు గీతల మధ్య ఎడాన్ని చూచేటప్పుడు మన కన్ను నిలువు దూరాన్ని కొలవదు. ఒక గీత నుండి రెండవదానికి అతి దగ్గర దారిని కొలుస్తుంది. గీతలు ఏటవాలుగా ఉన్న చోట ఈ రెండు దూరాలూ ఒకటి కావు. నోటుపుస్తకంలో రెండు సమాంతరపు వంపులు గీసి నిలువుగా స్కేలు పెట్టి కొలిచి చూడండి, మీకే తెలుస్తుంది. కనుక పాఠశాల రాబడి, ఖర్చు రెండూ గీసి "మిగులు చూడండి" అని చెప్పడం కంటే మిగులునే గీయడం మేలు.

క్లీవ్‌లండ్, ఆయన సహచరుడు రాబర్ట్ మెక్‌గిల్ బెల్ ప్రయోగశాలలలో పనిచేస్తూ 1984లో ఒక పరిశోధన ప్రకటించినారు. పటంలో ఏ గుర్తును కన్ను సరిగా అంచనా వేయగలదు అన్నది ప్రశ్న. ఒకే అడుగు గీత మీద నిలిచిన గుర్తుల ఎత్తును మనిషి అన్నిటికంటె బాగా పోల్చగలడు. అడుగు గీత వేరువేరైన పొడవులు దాని తరువాత. కోణాలు ఇంకా కింద. వైశాల్యాలు, ఘనపరిమాణాలు, రంగు చిక్కదనం అట్టడుగున ఉన్నవి.

ఇది తెలిసినవాడు చక్రపు పటాన్ని కొంచెం అనుమానంగా చూస్తాడు. కేంద్ర బడ్జెటు పత్రాలలో రూపాయి ఎక్కడి నుండి వస్తుంది, ఎక్కడికి పోతుంది అని ఏటా ఒక చక్రం ఇస్తారు. 2025-26 లెక్క ప్రకారం వచ్చే రూపాయిలో అప్పులు మొదలైనవి 24 పైసలు, ఆదాయపు పన్ను 22, జి.ఎస్.టి. 18, కంపెనీల పన్ను 17, పన్నేతర రాబడి 9, ఎక్సైజు 5, కస్టమ్సు 4, అప్పు కాని మూలధన రాబడి 1. వృత్తంలో ఒక పైసాకు 3.6 డిగ్రీలు. జి.ఎస్.టి. ముక్క 64.8 డిగ్రీలు, కంపెనీల పన్ను ముక్క 61.2 డిగ్రీలు. ఈ తేడా గడియారంలో నిమిషాల ముల్లు 36 సెకన్లలో తిరిగే కోణం. ఏది పెద్దదో పక్కనున్న అంకె చదవకుండా చెప్పగలవాడు లేడు. అంకెయే చదవవలసి వస్తే చక్రం ఎందుకు?

అంతకు ముందు సంవత్సరం, అనగా 2024 జూలై బడ్జెటులో, అప్పుల వాటా 27 పైసలు, ఆదాయపు పన్ను 19. మూడు పైసలు అటునుండి ఇటు మారినవి. మిగిలిన ఆరు పద్దులూ ఉన్న చోటనే ఉన్నవి. రెండు చక్రాలను పక్కపక్కన పెట్టినచో ఈ మార్పు దొరకదు. ముక్కలన్నీ కొద్దికొద్దిగా తిరిగి వేరు చోటులకు పోతవి. ఎనిమిది అడ్డ కమ్మీలను పెద్దది పైన, చిన్నది కింద పెట్టి, రెండు సంవత్సరాలకూ జంటగా గీసినచో పై రెండు జంటలలో మాత్రమే కదలిక ఉన్నదని వెనుక బెంచీవాడు కూడా చెబుతాడు. చక్రాన్ని పూర్తిగా నిషేధించనక్కరలేదు. రెండు మూడు ముక్కలు మాత్రమే ఉండి, వాటిలో ఒకటి సగమో పావో అని చూపవలసినప్పుడు అది చక్కగా పనిచేస్తుంది.

రూపాయి నాణెం బొమ్మతో పెరుగుదల చూపే అలవాటు మాత్రం మానుకొనవలెను. ఖర్చు రెట్టింపైనదని నాణెం వ్యాసాన్ని రెట్టింపు చేసినచో వైశాల్యం నాలుగు రెట్లవుతుంది. సొమ్ముల మూటను అన్ని వైపులా రెట్టింపు చేసినచో ఎనిమిది రెట్లు. తొమ్మిదవ తరగతి గణితమే ఇది. అయినను పెద్ద పత్రికలలో కూడా ఈ బొమ్మలు వస్తూనే ఉన్నవి.

ఇక తెర సంగతి. ఆరు మీటర్ల దూరం నుండి ఆరోగ్యమైన కన్ను చదవగల అతి చిన్న అక్షరం ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. కళ్ల వైద్యుని పటంలో 6/6 వరుస అదే. తొమ్మిది మీటర్ల దూరంలోని చివరి బెంచీకి అది 13 మిల్లీమీటర్లు అవుతుంది. ఇది కళ్లు చికిలించి చదివే హద్దు. హాయిగా చదవడానికి మూడింతలు, అనగా 4 సెంటీమీటర్లు కావలెను. ఇంగ్లీషు పుస్తకాలలో చెప్పే కొలతలు మన లిపికి చాలవు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు, కొన్ని చోట్ల ఒత్తు కింద ఒత్తు ఉంటవి. 'రాష్ట్ర' అన్న మాట వచ్చినచో పై వరుస, కింది వరుస ఒకదానినొకటి తాకుతవి. వరుసకు 12 సెంటీమీటర్లు చొప్పున వదిలితే 120 సెంటీమీటర్ల తెరలో పది వరుసలు పడతవి. పటం కూడా ఉంటే నాలుగుకు మించి చోటు లేదు. ఆ నాలుగింటిలో ఒకటి స్లైడు పేరు. 'భోజన ఖర్చు' అని ఊరకే పేరు పెట్టడం కంటే, ఆ పటం చెప్పే సంగతిని పూర్తి వాక్యంగా పైన రాయడం నాకు ఇష్టం. వాక్యం రాయబోతే అది దొరకని స్లైడులు కొన్ని ఉంటవి; వాటిని తీసివేయవచ్చును.

ఎరుపు, ఆకుపచ్చల భేదం తెలియని పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, తరగతిలో ఒకరిద్దరు ఉండవచ్చును. నష్టం ఎరుపు, లాభం ఆకుపచ్చ అని రంగు మీదనే ఆధారపడక, పేరు కూడా కమ్మీ పక్కనే రాయండి. రంగుల పట్టిక మూలన పెట్టి, చూపును అటూ ఇటూ తిప్పించడం అనవసరపు శ్రమ. సరిగ్గా ఎంత అన్నది తెలియవలసిన చోట, ఉదాహరణకు ఎవరికి ఎన్ని రూపాయలు బాకీ అన్నప్పుడు, పటం అక్కరలేదు. పట్టికనే ఇవ్వండి, కాగితం మీద పంచి పెట్టండి.

వసతిగృహపు పద్దు పుస్తకానికి వస్తాను. జూలైలో భోంచేసినవారు 120 మంది. ఆగస్టుకు 100, సెప్టెంబరుకు 80 అయినారు. కొందరికి పరీక్షలు ముగిసినవి, కొందరు హబ్సిగూడ వైపు గదులు తీసుకొన్నారు. వంటవారి జీతాలు, కరెంటు, అద్దెలు కలిసి నెలకు 1,20,000 రూపాయలు. మంది తగ్గినా ఇది తగ్గదు. దీనిని పంచితే తలకు వరుసగా 1,000, 1,200, 1,500. బియ్యం, పప్పు, కూరలు, గ్యాసుకు తలకు 2,000. ఇది మూడు నెలలలోనూ 2,000గానే ఉన్నది. వంట పెద్ద చేతిలో ఉన్నది ఈ భాగమే. మొత్తం ఖర్చు 3,60,000 నుండి 2,80,000కు తగ్గినది కూడా.

నేను కొత్త స్లైడు గీసినాను. సున్న నుండి మొదలయ్యే మూడు కమ్మీలు. ప్రతి కమ్మీనీ రెండు ముక్కలు చేసి, సరుకుల భాగాన్ని కింద పెట్టినాను. కింది ముక్కలన్నీ ఒకే అడుగు గీత మీద ఉంటవి గనుక వాటి తలలు మూడూ ఒకే మట్టంలో ఉన్నట్లు తక్షణమే కనిపిస్తుంది. పై ముక్క జీతాలు, అద్దెలు. నెల పేరు కింద భోంచేసినవారి సంఖ్య. పైన వాక్యం: 'తినేవారు తగ్గినందున తలకు పడే ఖర్చు పెరిగినది.' ఆ తరువాతి సమావేశంలో దానిని చూపినాను. అప్పటికి కొత్త వంటమనిషి వచ్చి పది రోజులైనది.

ఉపాధ్యాయులు ఈ మూడు అంకెలతో ఒక ప్రయోగం చేయించవచ్చును. 3,000, 3,200, 3,500 కమ్మీలను ఒక అట్ట మీద సున్న నుండి, మరొక అట్ట మీద 2,900 నుండి గీయించండి. తరగతిని రెండు జట్లుగా చేసి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క అట్ట మాత్రమే అయిదు సెకన్లు చూపండి. సెప్టెంబరు ఖర్చు జూలైకి ఎన్ని రెట్లు అని అడిగి, జవాబులను బల్ల మీద రెండు వరుసలుగా రాయండి. ఆ తరువాత 60 మందే మిగిలితే తలకు ఎంత పడునో లెక్కగట్టించి, నాలుగవ కమ్మీని రెండు అట్టల మీదా చేర్చమనండి. రెండవ అట్ట మీద దానికి చోటు చాలదు.